స్క్రూ ఎవరు వదులు చేశారు

అద్దాలమ్మకి కోపం రావడానికి కారణం అక్కర్లేదని ఆ వీధిలో అందరూ అంటారు. అది శుద్ధ అన్యాయం. ఆవిడకి ఉన్నది ఒకే ఒక్క కోపం. పాతికేళ్లుగా అదే. కట్టుకున్నవాడు దాన్ని చల్లారనిస్తే కదా.

వీధి మలుపులో కళ్లజోళ్ల షాపు వాళ్లది. ముందు గదిలో ఆవిడ కళ్లు పరీక్ష చేస్తుంది. వెనక గదిలో ఆయన అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. పైన ఇల్లు. అద్దాలు చేసేది ఆయనే అయినా, వచ్చేపోయేవాళ్ల కంటికి కనపడేది ఆవిడ కాబట్టి అద్దాలమ్మ అన్న పేరు ఆవిడకి పడింది. ఆయన్ని "లోపల మేస్త్రీ ఉన్నాడా" అని అడుగుతారు, అంతే. దానికి ఆయనకి ఏ బాధా లేదు. ఆయనకి కావలసిందల్లా నలుగురు మనుషులు, ఒక పూట భోజనం, తన కథ వినడానికి ఖాళీగా ఉన్న చెవులు.

ఆ కథే ఆవిడ కోపం.

"మా పెళ్లి చేసింది పెద్దలు కాదండీ, ఒక స్క్రూ" అని మొదలెడతాడు. "ఈవిడకి మొదటి కళ్లజోడు మా నాన్న షాపులోనే కొన్నారు. అప్పుడు పదిహేడేళ్ల పిల్ల. బిగించి ఇచ్చింది నేనే. నాలుగు రోజులు కాకుండానే స్క్రూ వదులైందని వచ్చింది. బిగించి పంపాను. మళ్లీ వచ్చింది. మళ్లీ బిగించాను. మళ్లీ వచ్చింది. నా చేత్తో బిగించిన స్క్రూ దానంతటది ఊడదని నాకు తెలుసు కదా. మరి ఊడిందంటే ఎవరో ఊడదీస్తున్నారు. ఎవరై ఉంటారంటారు?" ఇక్కడ ఆగి, పెళ్లాం వైపు ఓరగా చూసి, తాపీగా గ్లాసెత్తి మంచినీళ్లు తాగుతాడు. జనం పగలబడి నవ్వుతారు.

పెళ్లైన కొత్తలో మూడుసార్లు వచ్చిందని చెప్పేవాడు. తర్వాత అయిదయ్యాయి. ఈమధ్య తొమ్మిది దాకా లాక్కొచ్చాడు.

"నా కళ్ల మీద ఒట్టు, నేను ఆ స్క్రూ మీద గోరు కూడా పెట్టలేదు" అంటుంది అద్దాలమ్మ ప్రతిసారీ. "ఈయనే సగం బిగించి వదిలేవాడు. నన్ను తిప్పించుకోవడానికి."

ఎవరూ నమ్మరు. ఆయన నవ్వుతూ చెబుతాడు, ఆవిడ మండిపడుతూ చెబుతుంది. మండిపడేవాళ్ల దగ్గరే ఏదో తప్పుందనుకోవడం జనానికి అలవాటు. ఆఖరికి కడుపున పుట్టిన కూతురు కూడా "పోనీలేమ్మా, ఊడదీస్తే ఊడదీశావ్, ఇప్పుడేమైంది" అంటుంది. ఏమైంది అంటే ఏం చెప్పాలి? తను ఒక మగపిల్లాడి కోసం కళ్లజోడు పాడుచేసుకుని ఎండలో పడి వచ్చిన పిల్లగా ఊరంతటి నోళ్లలో నానుతోంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తన మాట నమ్మితే చాలని ఆవిడ కోరిక. ఆ ఒక్కరూ దొరకలేదు.

ఇప్పుడిక కొత్త చెవులు వస్తున్నాయి. కూతురు తనే చూసుకున్న అబ్బాయి, వాళ్ల అమ్మానాన్నలు మొదటిసారి ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఆ ఉదయం షాపు తలుపు సగం మూసి, అద్దాలమ్మ మొగుడి ముందు నిలబడింది.

"ఇవాళ మాత్రం ఆ కథ ఎత్తకండి."

"ఏ కథ?"

"ఏ కథో మీకు తెలుసు."

"ఓ, అదా." ఆయన ఫ్రేము తుడుస్తూ చల్లగా అన్నాడు. "వాళ్లు వినలేదు కదా పాపం."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. "కూతురి అత్తగారి ముందు కూడా నా పరువు తీస్తారా?"

"పరువేమిటోయ్. ప్రేమకథ చెబితే పరువు పెరుగుతుంది."

"ప్రేమకథ అయితే నిజం చెప్పండి. నేనే వదులుగా వదిలేవాణ్ణని చెప్పండి."

"పని సరిగ్గా చెయ్యలేదని నా నోటితో నేను చెప్పుకోవాలా?" ఆయన మొహంలో నవ్వు ఒక్క క్షణం తగ్గింది. మళ్లీ వచ్చింది. "అయినా నీ కొత్త అద్దాలు తయారయ్యాయి. వాళ్లొచ్చేలోగా ఈ ఫ్రేములో బిగించేస్తాను."

ఆవిడ కంటి పవరు మారి కొన్నాళ్లయింది. అద్దాలు అరగదీసి పొట్లంలో సిద్ధంగా ఉన్నాయి. అద్దాలమ్మ ఆ పొట్లం, ఫ్రేము రెండూ లాక్కుంది.

"మీ చేత్తో బిగించింది నాకక్కర్లేదు. రేపు స్క్రూ ఊడితే మళ్లీ నేనే ఊడదీశానంటారు. నాది నేను బిగించుకుంటాను, మీరు పైకి వెళ్లి పళ్లాలు సర్దండి."

ఆయన పైకి వెళ్లిపోయాడు. మెట్ల మీద ఆయన ఈల వినపడి ఆవిడకి ఇంకా మండింది.

కళ్లు చూడటం ఆవిడ పని, బిగించడం ఆయన పని. ఆ పని ఆవిడ చేసి ఏళ్లయింది. పళ్లు నూరుతూ, ఏ కంటి అద్దం ఏదో చూసుకోకుండా, కుడిది ఎడమలో, ఎడమది కుడిలో పెట్టి బిగించేసింది. వాళ్ల పనిలో అంతకన్నా సిగ్గుచేటు తప్పు లేదు. చూసుకోకుండానే వెళ్లి పరీక్ష కుర్చీలో కూర్చుంది. గది చిన్నది కావడంతో కుర్చీ వెనక గోడకి అక్షరాల చార్టు, ఎదురుగా నిలువుటద్దం పెట్టించారు మామగారు తన కాలంలోనే. అద్దంలో చూసి చార్టు చదవాలి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అద్దంలోకి చూసింది. అక్షరాలన్నీ ఒకవైపుకి జారిపోయాయి. నేల పక్కకి ఒరిగింది. గట్టిగా కళ్లు మూసుకుంది.

"గడ్డం కాస్త పైకెత్తమ్మా."

ఆ గొంతు విని ఆవిడ కళ్లు తెరవడానికి భయపడింది. ఆ గొంతు వినపడక ఎన్నో ఏళ్లయింది. ఆ ఇంట్లో తన కోపాన్ని ఎన్నడూ తప్పుపట్టని మనిషి గొంతు అది.

కళ్లు తెరిచింది. ఎదురుగా మామగారు. జుట్టు ఇంకా సగం నల్లగానే ఉంది. చొక్కా జేబులో అదే చిన్న టార్చి లైటు. పక్కన స్టూలు మీద ఒళ్లో సంచీ పెట్టుకుని అమ్మ. అమ్మ తనకంటే చిన్నది. మొహం మీద ఒక్క ముడత లేదు. అద్దంలో ఒక బక్కపల్చటి జడపిల్ల, ముక్కు మీద మొటిమతో, తననే మిడిగుడ్లేసుకుని చూస్తోంది.

ఇంకెవరైనా అయితే ఏడ్చేవాళ్లు, లేకపోతే కెవ్వుమనేవాళ్లు. అద్దాలమ్మకి మామగారి చెయ్యి పట్టుకుని ఎలా ఉన్నారని అడగాలనిపించింది. అంతలో వెనక గదిలోంచి సానరాయి తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడ వెన్ను నిటారుగా అయింది. లోపల ఉన్నది ఎవరో తెలుసు. ఇవాళ ఏ రోజో తెలిసింది. దొంగ ఇవాళ కళ్లెదుట దొరుకుతాడు.

"చార్టులో ఎంతవరకు కనపడుతోందో చదువమ్మా" అన్నారు మామగారు.

ఆవిడ పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేసింది. చీమ తలకాయంతేసి అక్షరాల వరస కూడా వదల్లేదు.

మామగారు టార్చి జేబులో పెట్టుకున్నారు. "ఈ పిల్లకి కళ్లజోడెందుకమ్మా? దీనివి గద్ద కళ్లు."

"నేను ముందే అనుకున్నాను" అంది అమ్మ సంచీ భుజానికి తగిలించుకుంటూ. "క్లాసులో ఎవరో పెట్టుకున్నారట, దీనికీ మోజు. పదవే ఇంటికి."

అప్పుడు తెలిసింది అద్దాలమ్మకి తను చేసిన ఘనకార్యం. ఆ చార్టు తన కళ్లు చదవలేదు, నోరు చదివింది. పాతికేళ్లు రోజూ పదిమంది చేత చదివించిన చార్టు అది. నిద్రలో లేపినా ఒప్పజెబుతుంది.

"లేదు, నాకు కనపడదు" అంది కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని.

"కనపడకపోతే ఎలా చదివావే?"

ఆవిడ మామగారి వైపు తిరిగింది. "ఇంకో చార్టు ఉంటుంది కదండీ, అంకెలది. బల్ల కింద రెండో సొరుగులో. అది పెట్టి చూడండి."

మామగారు కళ్లు చికిలించారు. "నా సొరుగు సంగతి నీకెలా తెలుసు?"

"అన్ని షాపుల్లోనూ అక్కడే పెడతారు."

"ఎన్ని షాపులు తిరిగావే నువ్వు?" అంది అమ్మ.

అంకెల చార్టు వాళ్లు వాడక ఎంతకాలమో అయింది, అది ఆవిడకి కంఠతా రాదు. మామగారు దాన్ని తగిలించారు. పై అంకె తప్ప మిగతాదంతా బూజులా కనపడింది. ఆ మాటే చెప్పింది. అమ్మ మొహం వాడిపోయింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేమే పిచ్చిదానా" అని జడ సవరించింది. ఆ చెయ్యి తలకి తగలగానే అద్దాలమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి, కంటిలో నలక పడిందని అబద్ధం చెప్పింది.

మామగారు గుండ్రటి పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇదా" అని అడగసాగారు. అలవాటైన ప్రాణం ఊరుకోదు కదా.

"ఇది కాదండీ, దీనికి ముందుది. కుడి కంటికి ఇంకొంచెం తగ్గించండి. అది తిరగేసి పెట్టారు చూడండి."

మామగారు ఒక్క క్షణం చూసి గట్టిగా నవ్వారు. "నువ్వే ఇటొచ్చి నిలబడరాదూ? నేను ఆ కుర్చీలో కూర్చుంటాను."

"తర్వాత నేనే నిలబడతాను మావయ్యగారూ" అనేసింది.

వెనక గదిలో ఏదో గిన్నె కింద పడి ఖంగుమంది. అమ్మ తొడ మీద గిల్లిన గిల్లుడు మాత్రం అద్దాలమ్మ జన్మలో మరిచిపోదు. "మావయ్యగారేమిటే, సిగ్గు లేదూ" అంది అమ్మ పళ్ల బిగువున. మామగారు ఏమీ విననట్టు పవరు రాసి, స్టాకులో ఉన్న అద్దాలే సరిపోతాయని, అరగంటలో తమవాడు బిగించి ఇస్తాడని చెప్పారు.

అద్దాలమ్మ అరగంట కూర్చుంటుందా? తిన్నగా వెనక గది గడప దగ్గరికి పోయి నిలబడింది.

బల్ల ముందు ఒక కుర్రాడు. మెడ ఇంత పొడుగు, చొక్కా భుజాలు జారిపోయి ఉన్నాయి. నేలంతా చెల్లాచెదరైన స్క్రూలని అయస్కాంతంతో ఏరుకుంటున్నాడు. ఆవిడ ఊహించుకున్న దొంగ ఇతను కాదు. ముందు కూచోబెట్టి అన్నం పెట్టాలనిపించే పిల్లాడు. పైగా ఆ చెవులు. అచ్చం కూతురి చెవులు, బయటికి పొడుచుకొచ్చినవి. ఆవిడ మనసు మెత్తబడబోయింది. పాతికేళ్ల అవమానం గుర్తొచ్చి మళ్లీ గట్టిపడింది.

"స్క్రూ గట్టిగా బిగించు" అంది.

"బిగిస్తానండీ" అన్నాడు కుర్రాడు తలెత్తకుండా.

"సగం బిగించి వదిలేయడం కాదు. పూర్తిగా."

"నేనెప్పుడూ సగం బిగించనండీ."

"ఇప్పుడిలాగే అంటావ్."

కుర్రాడు తలెత్తి బిక్కమొహం వేసుకుని చూశాడు. తను ఈ పిల్లకి ఏం అపకారం చేశాడో అతనికి అర్థం కాలేదు, పాపం. స్క్రూ జారింది, వెతికి తీశాడు, మళ్లీ జారింది. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని పోలీసులా నిలబడే ఉంది. చివరికి నాలిక పళ్ల మధ్య బిగబట్టి, కణతల దగ్గర నరం ఉబ్బేలా స్క్రూ బిగించి ఇచ్చాడు. ఆవిడ కళ్లజోడు కాడలు ముడిచి చూసింది, ఊపి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని మరీ విన్నది. రవ్వంత కదలిక లేదు. పాతికేళ్లలో మొదటిసారి కడుపు చల్లబడింది.

తల్లీకూతుళ్లు వీధిలోకి వచ్చారు. అమ్మ కళ్లజోడు పట్టుకుని చూసి మెచ్చుకుంది. "బక్కగా ఉన్నాడు గానీ పనిమంతుడే. రాయిలా బిగించాడు. ఇక మళ్లీ ఇంత దూరం రానక్కర్లేదు. వచ్చే ఏడు పవరు మార్పించాలంటే మన ఇంటి దగ్గరి షాపులోనే చూపిద్దాం."

నాలుగడుగులు వేశాక ఆ మాట అద్దాలమ్మ చెవిలోంచి బుర్రలోకి దిగింది.

మళ్లీ రానక్కర్లేదు. స్క్రూ వదులు కాదు కాబట్టి రానక్కర్లేదు. తను రాకపోతే ఆ పొడుగు మెడ కుర్రాడితో రెండో మాట లేదు. మాట లేకపోతే పెళ్లి లేదు. పెళ్లి లేకపోతే ఇవాళ భోజనం లేదు, ఆ భోజనానికి పైన అద్దం ముందు ముస్తాబవుతున్న కూతురు లేదు. నడివీధిలో ఆగిపోయింది.

అంటే ఇప్పుడు ఆ స్క్రూ తను ఊడదీయాలి.

అంత భయంలోనూ ఆవిడకి ముందు వచ్చింది కోపమే. ఏమిటీ దారుణం? చెయ్యని నేరానికి పాతికేళ్లు శిక్ష అనుభవించింది చాలక, ఇప్పుడు వెనక్కొచ్చి ఆ నేరం చెయ్యాలా? పైగా చేయించింది ఎవరు? తనే. గట్టిగా బిగించమని ఆ పిల్లాడి ప్రాణం తీసింది తనే. వాణ్ణి వాడి మానాన వదిలేస్తే ఏం చేసి ఉండేవాడో ఇక ఎప్పటికీ తెలియదు.

ఊడదీయకపోతే ఏమవుతుందని కూడా ఒక్క క్షణం ఆలోచించింది. ఏమీ కాదు. తన మీద ఆ కథ ఉండదు. ఆ నవ్వులు ఉండవు. ఆ షాపుకి ఇంకెవత్తో వస్తుంది, నిజంగానే స్క్రూ ఊడదీసుకుని. ఆయన ఆ కథ దాని పక్కన కూర్చుని చెబుతాడు. అది మురిసిపోతూ వింటుంది. అది ఎవరో, ఎలా ఉంటుందో తెలియకపోయినా దాని మీద ఆవిడకి ఒళ్లు తెలియని కోపం వచ్చింది.

అమ్మ పక్క కొట్లో దారపు ఉండలు బేరం చేస్తోంది. అద్దాలమ్మ గోడ వారగా నిలబడి జడలోంచి తలపిన్ను లాగింది. స్క్రూ తలలో పెట్టి తిప్పింది. కదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పింది. పిన్ను వంగిపోయింది. "ఏం బిగించావురా నాయనా" అని తిట్టుకుంటూ రెండో పిన్ను తీసింది. వేలు గీరుకుపోయింది, ఫ్రేము మీద గీతలు పడ్డాయి. ఆఖరికి స్క్రూ ఒక మెలిక తిరిగింది. కాడ వేలాడింది.

ఆవిడ పరుగున షాపులోకి వచ్చి కళ్లజోడు బల్ల మీద పెట్టింది. "వదులైంది" అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకి పాతికేళ్ల పరువు ఖర్చయింది.

కుర్రాడు కళ్లజోడు చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. స్క్రూ తల మీద తెల్లగా కొత్త గీతలు. స్క్రూడ్రైవరు తెలిసినవాడెవడికైనా ఆ గీతలేమిటో తెలుస్తుంది. అతను ఆవిడ వేలి మీద రక్తపు చుక్క చూశాడు. చేతిలో వంకర తిరిగిన పిన్ను చూశాడు. చెవులు నెమ్మదిగా ఎర్రబడ్డాయి.

అంతలో అమ్మ రొప్పుతూ వెనకే లోపలికి వచ్చి, వేలాడుతున్న కాడ చూసింది. "ఇదేం పని బాబూ? వీధి మొదట్లోనే ఊడిపోయింది. పిల్లల చేత పని చేయించి మమ్మల్ని తిప్పలు పెడతారా?"

మామగారి మొహం మాడిపోయింది. ఆ షాపు మీద అలాంటి మాట ఎవరూ అనలేదు. కొడుకు నెత్తి మీద ఠంగుమని ఒక మొట్టికాయ వేశారు. "ధ్యాస ఎక్కడ పెట్టి చేశావురా? ఎవరు వదులుగా వదిలింది?"

అద్దాలమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి మాట వచ్చేలోపు కుర్రాడే అన్నాడు.

"నేనే నాన్నా. సరిగ్గా బిగించలేదు."

ఇంకో మొట్టికాయ పడింది. కుర్రాడు తల దించుకుని స్క్రూ బిగించాడు, తువ్వాలుతో అద్దాలు తుడిచి ఆవిడకి అందించాడు. అందిస్తూ, ఎవరికీ వినపడనంత మెల్లగా, "మళ్లీ వదులైతే తీసుకురండి. ఎన్నిసార్లైనా బిగిస్తాను" అన్నాడు.

ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్లజోడు పెట్టుకుంది. ఎదుటి మొహం, ఆ ఎర్రటి చెవులు, నెత్తి మీద చెదిరిన జుట్టు, అన్నీ ఒక్కసారిగా స్పష్టంగా కనిపించాయి. తర్వాత వెలుతురు మిరుమిట్లు గొలిపింది.

"అమ్మా, ఎక్కడున్నావ్? వాళ్లొచ్చేశారు" అని పైనుంచి కూతురు అరిచింది.

అద్దాలమ్మ పరీక్ష కుర్చీలోంచి లేచి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తి, గడపలోనే కూతుర్ని రెండు చేతులా వాటేసుకుంది. "చీర నలుగుతుందమ్మా" అని విసుక్కుంది ఆ పిల్ల. ఆ విసుగు ఆవిడ చెవికి ఎంత బాగుందో చెప్పలేం.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నారు. కాబోయే వియ్యంకుడు కలుపుగోలు మనిషి, వియ్యపురాలు అంతకన్నా కలుపుగోలు. కాబోయే అల్లుడు తలెత్తకుండా తింటున్నాడు. అద్దాలమ్మ కాచుకుని ఉంది. కథ వస్తుంది, ఇవాళ మొదటిసారి అది నిజం, కాబట్టి నోరెత్తకుండా మింగాలి. ఆ మింగడమే ఆవిడ వల్ల అయ్యేలా లేదు.

"మా పెళ్లి చేసింది పెద్దలు కాదండీ, ఒక స్క్రూ" అన్నాడు ఆయన.

ఆవిడ పళ్లు బిగించింది.

"నేనే దాన్ని సరిగ్గా బిగించకుండా ఇచ్చేవాణ్ణి" అన్నాడు.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"వదులుగా ఇచ్చేవాణ్ణి, పాపం వచ్చేది. మళ్లీ వదులుగా ఇచ్చేవాణ్ణి, మళ్లీ వచ్చేది. మా నాన్న చేత మొట్టికాయలు తిన్నాను, వాళ్లమ్మ చేత చీవాట్లు తిన్నాను." ఆగి, తాపీగా మంచినీళ్లు తాగాడు.

ఘొల్లుమన్నారు అందరూ. "నాన్న ఎప్పుడూ ఇదే కథ" అని కూతురు అబ్బాయి చెవిలో గొణిగింది. అంటే ఇన్నేళ్లూ ఇదే చెబుతున్నాడన్నమాట. ఇన్నేళ్లూ తను ఏ మాట ఆయన నోట వినాలని చచ్చిందో ఆ మాటే.

"పాపం వదినగారూ, ఎండలో ఎన్నిసార్లు తిప్పారో" అంది వియ్యపురాలు.

"అయితే బావగారూ, మా వాడి కళ్లజోడు మాత్రం మీ చేతికి ఇవ్వం" అన్నాడు వియ్యంకుడు. "సగం బిగించే మేస్త్రీలని మేం చూశాం గానీ, ఇలా గొప్పగా చెప్పుకునేవాళ్లని చూడలేదు."

మళ్లీ నవ్వులు. కూతురు కూడా నవ్వింది. ఆయనా నవ్వాడు, కంచంలోకి చూస్తూ. అద్దాలమ్మ ఆయన చేతుల వైపు చూసింది. స్క్రూడ్రైవరు తిప్పీ తిప్పీ బొటనవేలు అరిగిపోయింది. ఆ చేతుల పనిని పెళ్లైన నాటి నుంచి జనం ఇలా చూసి నవ్వుతున్నారు, ఆయన నవ్వించుకుంటున్నాడు. పని సరిగ్గా చెయ్యలేదని తన నోటితో తను చెప్పుకుంటున్నాడు. ఆవిడ ఒళ్లు భగ్గుమంది. ఇంతకాలం తనని చూసి నవ్వితే కూడా ఇంత మండలేదు.

"నవ్వకండి" అంది.

అందరూ తలెత్తారు.

"ఈయన చేతిలోంచి వదులు స్క్రూ ఒక్కటి కూడా బయటికి పోలేదు. నేను పక్కన నిలబడి చూశాను. రాయిలా బిగించాడు. ఈ మనిషి పనికి వంక పెట్టాలంటే ముందు నాతో చెప్పండి."

"మరి ఎలా ఊడిందమ్మా?" అంది కూతురు.

"నేనే ఊడదీశాను. తలపిన్నుతో."

వియ్యపురాలు ఆప్యాయంగా ఆవిడ మోచెయ్యి నొక్కింది. "మొగుణ్ణి వెనకేసుకురావడమంటే మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి వదినగారూ. ఎంత బాగా కల్పించారో." వియ్యంకుడు తలూపాడు. కూతురు "మా అమ్మ నాన్నని ఒక్క మాట పడనివ్వదు" అని గర్వంగా చెప్పింది.

"కల్పించడం కాదు, నిజం" అంది అద్దాలమ్మ. ఎంత మండిపడితే అంత నవ్వారు వాళ్లు. నిజం చెప్పినా, నిజం మారిపోయినా, ఆవిడని నమ్మే దిక్కు లేదు.

మాట వేరే వైపు మళ్లింది. ముహూర్తాలూ హాళ్లూ అంటూ వాళ్లలో వాళ్లు పడ్డారు. ఆయన మాత్రం నవ్వలేదు, తినలేదు. చెయ్యి కంచంలోనే ఉంది. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నాకు తెలుసు" అన్నాడు మెల్లగా. "నువ్వు చెబుతావేమోనని చూస్తూ వచ్చాను. ఇన్నాళ్లకి చెప్పావ్."

"తెలిసి ఇన్నేళ్లు ఈ చీవాట్లన్నీ ఎందుకు తిన్నారు?"

"ఆ రోజు మీ అమ్మ ముందు ఒక మాట అనేశాను. మళ్లీ మార్చడమెందుకులే అనుకున్నాను." కంచంలో అన్నం కెలికాడు. "ఎందుకు ఊడదీశావ్?"

కూతురి కోసమని చెప్పవచ్చు. అదీ నిజమే. కానీ ఆ గోడ వార నిలబడి పిన్ను వంగిపోయేదాకా తిప్పినప్పుడు తనకి కోపం ఎవరి మీదో ఆవిడకి తెలుసు.

"మీరు కాకపోతే ఇంకెవరితో పోట్లాడను?" అంది కోపంగానే.

ఆయన కూర గిన్నె అందుకునే నెపంతో ఆవిడ వైపు వంగాడు.

"ఊడదీసింది నువ్వు ఆ ఒక్కసారే. తర్వాతివన్నీ నేనే."

అద్దాలమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాతివన్నీ. ఎండలో, వానలో, పరీక్షల రోజుల్లో, జ్వరంతో ఒకసారి, తను వచ్చినవన్నీ.

"విన్నారా?" అని లేచి నిలబడింది. "అందరూ విన్నారా ఈయన ఇప్పుడేమన్నాడో?"

నలుగురూ మాటలు ఆపి ఆయన వైపు చూశారు.

"కూర బాగుందన్నాను" అన్నాడు ఆయన.

"ఎంత అన్యోన్యమో" అంది వియ్యపురాలు, ఇంకాస్త అన్నం వడ్డించుకుంటూ.